దూరం భూమిది, సమయం దారిది

అహోబిలం నుంచి శ్రీశైలం ఎంత దూరం? నల్లమల మీదుగా సూటిగా గీత గీస్తే సుమారు 105 కిలోమీటర్లు. ఆళ్లగడ్డకు దిగి నంద్యాల, ఆత్మకూరు, దోర్నాల మీదుగా కొండల్ని చుట్టుకుంటూ పోతే 200 కిలోమీటర్ల పైచిలుకు. రెండు లెక్కలూ నిజమే. అయితే ప్రయాణికుడికి కావలసింది ఈ రెండూ కాదు. "ఎప్పటికి చేరతాం?" అన్నదే అతని ప్రశ్న. దానికి జవాబు పటంలో ఉండదు. దారి, ఎత్తు, గాలి, గడియారం కలిస్తేనే ఆ జవాబు వస్తుంది.

విమానాల విషయంలోనూ ఇంతే. హైదరాబాద్ నుంచి బ్యాంకాక్, బ్యాంకాక్ నుంచి సింగపూర్ ఎంత దూరమో ఒక్క అంకెలో చెప్పేయవచ్చు. ఎంతసేపన్నది మాత్రం ఏ నెలలో, ఏ దిక్కుకు, ఏ విమానంలో వెళ్తున్నామన్న దాన్నిబట్టి మారుతుంది. అది ఎందుకు మారుతుందో చూడాలంటే నల్లమల అంచున ఉన్న నరసింహ క్షేత్రం అహోబిలం నుంచే లెక్క మొదలుపెట్టవచ్చు.

డిగ్రీల నుంచి కిలోమీటర్లకు

భూమి మీద ప్రతి చోటుకూ రెండు అంకెల చిరునామా ఉంది. భూమధ్యరేఖకు ఎంత ఎగువన లేదా దిగువన ఉందో చెప్పేది అక్షాంశం. లండన్‌లోని గ్రీన్విచ్‌కు ఎంత తూర్పున లేదా పడమట ఉందో చెప్పేది రేఖాంశం. నంద్యాల జిల్లాలో, 2022 వరకు కర్నూలు జిల్లాలో ఉన్న అహోబిలం చిరునామా సుమారు 15 డిగ్రీల 8 నిమిషాల ఉత్తర అక్షాంశం, 78 డిగ్రీల 43 నిమిషాల తూర్పు రేఖాంశం. డిగ్రీలో అరవయ్యో వంతును నిమిషం అంటారు.

అక్షాంశంలో ఒక నిమిషం దాదాపు 1.85 కిలోమీటర్లు. ఓడల వాళ్లూ విమానాల వాళ్లూ వాడే నాటికల్ మైలు ఇదే. అందుకే పైలట్‌కు ఉత్తర దక్షిణాల దూరం లెక్కగట్టడం చాలా తేలిక. అహోబిలం అక్షాంశాన్ని నిమిషాల్లోకి మారిస్తే 908 వస్తుంది. అంటే ఈ కొండలు భూమధ్యరేఖకు దాదాపు 908 నాటికల్ మైళ్ల దూరాన ఉన్నాయి.

రేఖాంశం సంగతి వేరు. పుచ్చకాయ మీది చారల్లా రేఖాంశాలన్నీ నడుమ దూరదూరంగా ఉండి, రెండు కొసలకూ వచ్చేసరికి ఒక్కచోట కలుస్తాయి. భూమధ్యరేఖ మీద ఒక డిగ్రీ రేఖాంశం 111 కిలోమీటర్లు. అహోబిలం దగ్గర అదే డిగ్రీ 107 కిలోమీటర్లకు తగ్గుతుంది. ధ్రువం దగ్గర సున్నా అవుతుంది. ఎంత తగ్గుతుందో చెప్పేది ఆ అక్షాంశపు కొసైన్ విలువ.

ఇప్పుడు శ్రీశైలం లెక్క చేద్దాం. శ్రీశైలం 16 డిగ్రీల 4 నిమిషాల ఉత్తరం, 78 డిగ్రీల 52 నిమిషాల తూర్పు. అహోబిలానికి 56 నిమిషాల ఉత్తరాన, 9 నిమిషాల తూర్పున ఉంది. ఉత్తరానికి 56ను 1.85తో గుణిస్తే 104 కిలోమీటర్లు వస్తాయి. తూర్పుకు 9ని 1.85తోనూ, కొసైన్ విలువ 0.96తోనూ గుణిస్తే 16 కిలోమీటర్లు. ఈ రెండూ లంబకోణ త్రిభుజానికి రెండు భుజాలు. బడిలో నేర్చుకున్న పైథాగరస్ సూత్రంతో కర్ణం కడితే 105 కిలోమీటర్లు. కాగితం, పెన్సిల్ ఉంటే చాలు.

ఇదే పద్ధతిలో తిరుమల లెక్క వేస్తే అహోబిలం నుంచి సూటిగా 174 కిలోమీటర్లు వస్తుంది. ఈ కొండల వరుస అంతా ఆదిశేషుడి శరీరమనీ, తల తిరుమల, నడుము అహోబిలం, తోక శ్రీశైలమనీ భక్తులు తరతరాలుగా చెప్పుకుంటున్నారు. తిరుమల నుంచి అహోబిలం మీదుగా శ్రీశైలానికి రెండు గీతలు కలిపితే సుమారు 280 కిలోమీటర్లు. అహోబిలాన్ని తాకకుండా తిరుమల నుంచి శ్రీశైలానికి నేరుగా గీస్తే 270. తేడా పది కిలోమీటర్లే. అంటే మూడు క్షేత్రాలూ దాదాపు ఒకే గీత మీద, నడుమ కొంచెం వంపుతో ఉన్నాయి. కొలత పరికరాలు లేని కాలంలో కాలినడకన తిరిగిన వాళ్లకు ఈ కొండల వరుస ఆకారం ఎంత బాగా తెలుసో ఈ కథ చెబుతుంది.

పరికరాలతో దేశాన్ని త్రిభుజాలుగా కొలిచే పెద్ద సర్వే 1802లో మద్రాసులో మొదలైంది. సెయింట్ థామస్ మౌంట్ దగ్గర విలియం లాంబ్టన్ బృందం ఉక్కు గొలుసుతో ఏడున్నర మైళ్ల ఆధారరేఖను 57 రోజులపాటు కొలిచింది. ఆ ఒక్క రేఖ పొడవు తప్పులేకుండా తెలిస్తే, దాని రెండు కొసల నుంచి దూరాన ఉన్న కొండ శిఖరాన్ని చూసి కోణాలు కొలిచి, మిగతా రెండు భుజాలూ లెక్కకట్టవచ్చు. అలా త్రిభుజం పక్కన త్రిభుజం పేర్చుకుంటూ ఆ సర్వే దేశమంతా పాకింది. రాయలసీమలో గుత్తి దగ్గర కూడా ఒక ఆధారరేఖను కొలిచారు. నేల మీద నడవకుండానే రెండు చోట్ల మధ్య సూటి దూరం చెప్పగలగడం దీనితో సాధ్యమైంది. నేడు ఉపగ్రహాల సాయంతో ఫోన్ చెప్పే దూరం వెనకా ఉన్నది ఆ జ్యామితే.

గుండ్రటి నేల మీద దగ్గరి దారి

వంద రెండు వందల కిలోమీటర్లకు నేలను చదునుగా అనుకున్నా నష్టం లేదు. దూరం పెరిగే కొద్దీ భూమి గుండ్రతనాన్ని లెక్కలోకి తీసుకోవాలి. గోళం మీద రెండు బిందువుల మధ్య అతి దగ్గరి దారి మహావృత్తం వెంబడి ఉంటుంది. గోళాన్ని సరిగ్గా రెండు సగాలుగా కోసే వృత్తమే మహావృత్తం. భూమధ్యరేఖ ఒక మహావృత్తం. రేఖాంశాలు జతజతగా మహావృత్తాలు. పదిహేనో అక్షాంశం మాత్రం మహావృత్తం కాదు. దాని వెంబడి తూర్పుకు పోతే కొంచెం చుట్టు తిరిగినట్టే.

ఎంత చుట్టు? అహోబిలం అక్షాంశం మీదే సూటిగా తూర్పుకు వెళ్తే ఒంగోలుకు దక్షిణాన తీరం దాటి, బంగాళాఖాతం మీదుగా మయన్మార్, థాయ్‌లాండ్ దాటాక లావోస్‌లోని పాక్సే నగరం తగులుతుంది. మెకాంగ్ నది ఒడ్డున ఉన్న ఈ ఊరి అక్షాంశం అహోబిలానిది దాదాపు ఒక్కటే. సమీపంలో ఖ్మేర్ రాజుల కాలపు వాట్ ఫూ శివాలయం ఉంది. అక్షాంశం వెంబడి పాక్సేకు సుమారు 2,905 కిలోమీటర్లు. మహావృత్తం వెంబడి 2,903. అంత పొడవున తేడా రెండే కిలోమీటర్లు. కారణం, మన అక్షాంశాలు భూమధ్యరేఖకు దగ్గర. ఆగ్నేయాసియా నగరాల మధ్య, మనకూ ఆ నగరాలకూ మధ్య విమాన దూరం లెక్కగట్టడానికి మామూలు పటం మీది గీత దాదాపు సరిపోతుంది.

ఉత్తరానికి పోయే కొద్దీ ఆ వెసులుబాటు ఉండదు. బెంగళూరు నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకు గోడ పటం మీద స్కేలు పెట్టి గీసిన దారి వెంబడి పోతే సుమారు 16,100 కిలోమీటర్లు అవుతుంది. మహావృత్తం వెంబడి 14,000. ఆ దగ్గరి దారి ఉత్తర ధ్రువ ప్రాంతం మీదుగా పోతుంది. 2021 జనవరిలో జోయా అగర్వాల్ నాయకత్వంలో మహిళా పైలట్లే నడిపిన ఎయిర్ ఇండియా విమానం శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి బెంగళూరుకు ఈ ధ్రువ మార్గంలోనే వచ్చింది. పిల్లలు అమెరికాలో ఉన్న మన తల్లిదండ్రులు విమానంలో ముందున్న తెర మీద మంచు సముద్రాన్ని చూసి ఆశ్చర్యపోతారు. అది చుట్టుదారి కాదు, రెండు వేల కిలోమీటర్లు ఆదా చేసిన దారి.

దూరాన్ని వేగంతో భాగిస్తే సరిపోతుందా?

శంషాబాద్ నుంచి బ్యాంకాక్ సువర్ణభూమి విమానాశ్రయానికి మహావృత్తం వెంబడి సుమారు 2,420 కిలోమీటర్లు. అక్కడి నుంచి సింగపూర్‌కు సుమారు 1,420. పెద్ద జెట్ విమానం ఎత్తుకు చేరాక గంటకు 850 కిలోమీటర్ల ప్రాంతంలో పోతుంది. భాగిస్తే మొదటిదానికి 2 గంటల 51 నిమిషాలు, రెండోదానికి గంటా 40 నిమిషాలు. టికెట్ మీద రాసే సమయం మాత్రం రెండింటికీ అరగంటకు పైగానే ఎక్కువ ఉంటుంది.

ఆ అరగంట వృథా కాదు. గేటు దగ్గర చక్రాలు కదిలినప్పటి నుంచి, దిగిన చోట మళ్లీ గేటు దగ్గర ఆగేదాకా అంతా ప్రయాణ సమయమే. రన్‌వే దాకా నేల మీద పాకడం, వరుసలో నిలబడటం, పది పన్నెండు కిలోమీటర్ల ఎత్తుకు ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ తక్కువ వేగంతో పోవడం అందులో ఉన్నాయి. విమానం మహావృత్తాన్ని అంగుళం తప్పకుండా అనుసరించదు కూడా. నిర్ణీత వాయుమార్గాల వెంబడి పోవాలి. సైనిక నిషేధిత ప్రాంతాలనూ, బంగాళాఖాతం మీద ఎత్తుగా లేచిన ఉరుముల మేఘాలనూ తప్పించుకోవాలి. కాబట్టి చదువరి గుర్తుంచుకోదగ్గ సూత్రం ఇది: కిలోమీటర్లను 850తో భాగించి, వచ్చిన సమయానికి అరగంట నుంచి నలభై నిమిషాలు కలపాలి.

ఆ కలిపే భాగం దూరాన్నిబట్టి పెద్దగా మారదు. అందుకే దగ్గరి ఊళ్లకు విమానం తన వేగాన్ని చూపలేదు, దూరం పెరిగే కొద్దీ చూపుతుంది.

అహోబిలం నెత్తిన వీచే గాలి

ఇక గాలి సంగతి. జూన్ నుంచి సెప్టెంబరు వరకు నేల మీద నైరుతి రుతుపవనాలు పడమటి నుంచి వీస్తాయి. ఆ రోజుల్లోనే చాలా ఎత్తున, సుమారు 14 నుంచి 16 కిలోమీటర్ల దగ్గర, తూర్పు నుంచి పడమటికి బలమైన గాలి ప్రవహిస్తుంది. దాని పేరు ఉష్ణమండల తూర్పు జెట్ ప్రవాహం. వేసవిలో టిబెట్ పీఠభూమి, ఆసియా ఖండం వేడెక్కి, దక్షిణాన ఉన్న సముద్రం మీది గాలికీ వాటి మీది గాలికీ ఉష్ణోగ్రతలో తేడా రావడం వల్ల ఇది పుడుతుంది. 1958లో దీన్ని శాస్త్రలోకానికి వివరంగా పరిచయం చేసినవాడు తెలుగువాడైన వాతావరణ శాస్త్రవేత్త పి.కోటేశ్వరం. ఆ తర్వాత ఆయన భారత వాతావరణ శాఖకు అధిపతి కూడా అయ్యాడు.

ఈ ప్రవాహం నడిబొడ్డు ఉండేది పదిహేనో అక్షాంశానికి కాస్త అటూఇటూ. అంటే వానాకాలంలో అహోబిలం మీద, నల్లమల మీద, మన కంటికి కనపడనంత ఎత్తున అది పరుగులు తీస్తుంది. ప్రయాణికుల విమానాలు దానికి కొంచెం దిగువన ఎగిరినా దాని ప్రభావం తగులుతుంది.

జూలైలో తూర్పు గాలి గంటకు 70 కిలోమీటర్ల వేగంతో దారి పొడవునా వీస్తోందనుకుందాం. హైదరాబాద్ నుంచి బ్యాంకాక్ వెళ్లే విమానానికి అది ఎదురుగాలి. గాలిలో దాని వేగం 850 అయినా నేలతో పోల్చిన వేగం 780కి పడిపోతుంది. పట్టే సమయం 3 గంటల 6 నిమిషాలు. తిరుగు ప్రయాణంలో అదే గాలి వెనక నుంచి తోస్తుంది. వేగం 920, సమయం 2 గంటల 38 నిమిషాలు. దూరం ఒక్కటే, విమానం ఒక్కటే, తేడా 28 నిమిషాలు. చూడటానికి పోయింది వచ్చింది సమానమైనట్టు ఉంటుంది గానీ, కాదు. గాలి లేని రోజున రానుపోను 5 గంటల 42 నిమిషాలు పడితే, గాలి ఉన్న రోజున 5 గంటల 44 నిమిషాలు. ఎదురుగాలిలో విమానం ఎక్కువసేపు ఉంటుంది కాబట్టి అక్కడ పోగొట్టుకున్నది వెనకగాలిలో పూర్తిగా తిరిగిరాదు.

బ్యాంకాక్–సింగపూర్ విమానానికి ఈ బాధ తక్కువ. ఆ దారి ఉత్తరం నుంచి దక్షిణానికి ఉంటుంది. తూర్పు పడమర గాలులు దానికి అడ్డంగా తగులుతాయి. ముక్కును కొంచెం గాలి వైపు తిప్పుకుని పోతుంది, వేగం పెద్దగా తగ్గదు. పోవడానికీ రావడానికీ దాదాపు ఒకే సమయం. ఏ దారికైనా దూరంతోపాటు దిక్కు కూడా తెలుసుకోవాలన్నది ఇందుకే.

గడియారం చెప్పేది

టికెట్ మీద బయల్దేరే సమయం ఉదయం 10, చేరే సమయం మధ్యాహ్నం 3 అని ఉంటే, హైదరాబాద్ నుంచి బ్యాంకాక్‌కు ఐదు గంటలు పట్టిందనుకోకూడదు. ఒక్కో ఊరి సమయం ఆ ఊరి గడియారానిది. బ్యాంకాక్ గడియారం మనకంటే గంటన్నర ముందుంటుంది. అసలు ప్రయాణం మూడున్నర గంటలే. అదే మూడున్నర గంటల తిరుగు ప్రయాణం టికెట్ మీద రెండు గంటలలా కనిపిస్తుంది.

ఈ తేడా కూడా భూమి తిరగడం నుంచి వచ్చిందే. భూమి 24 గంటల్లో 360 డిగ్రీలు తిరుగుతుంది. ఒక డిగ్రీకి నాలుగు నిమిషాలు. భారత ప్రామాణిక సమయం కాకినాడ దగ్గరగా పోయే 82.5 డిగ్రీల రేఖాంశానిది. అహోబిలం దానికి 3.8 డిగ్రీలు పడమట ఉంది. కాబట్టి అహోబిలంలో సూర్యుడు నడినెత్తికి వచ్చేది ఏడాది సగటున మధ్యాహ్నం 12.15కు. అహోబిలానికీ బ్యాంకాక్‌కూ రేఖాంశాల తేడా 22 డిగ్రీలు. సూర్యుడి లెక్కన 88 నిమిషాలు. గడియారాల తేడా 90. చక్కగా సరిపోయింది.

బ్యాంకాక్, సింగపూర్‌ల మధ్య అలా సరిపోదు. రేఖాంశాల తేడా 3 డిగ్రీలకు కొంచెం ఎక్కువ, సూర్యుడి లెక్కన పదమూడు నిమిషాలు. గడియారాల తేడా మాత్రం గంట. మలేసియా తన రెండు భాగాలకూ ఒకే సమయం పెట్టుకోగా, 1982 జనవరి 1 నుంచి సింగపూర్ కూడా అదే పాటించింది. ఆ గంటలో చాలా భాగం ప్రభుత్వ నిర్ణయం, సూర్యుడికి దానితో పని లేదు. ఎంతసేపు ప్రయాణమో తెలియాలంటే రెండు గడియారాల తేడాను ముందు తీసేయాలి.

కొండదారిలో కిలోమీటరు

ఆకాశం వదిలి మళ్లీ నేలకు వద్దాం. ఎగువ అహోబిలం నుంచి జ్వాలా నరసింహస్వామి గుడికి దాదాపు నాలుగు కిలోమీటర్ల నడక. చదును నేల మీద ఆరోగ్యంగా ఉన్న మనిషికి అది 50 నిమిషాల పని. ఇక్కడ భవనాశని వాగు వెంట బండరాళ్ల మీద అడుగులు వేయాలి, మెట్లెక్కాలి, చేతికర్ర ఊని నిలదొక్కుకోవాలి. నడవలేని పెద్దల్ని డోలీల్లో మోసుకెళ్తారు. ఈ దారిలో యాత్రికులు ఒకరినొకరు "ఇంకెన్ని కిలోమీటర్లు?" అని అడగరు, "ఇంకెంతసేపు?" అనే అడుగుతారు.

స్కాట్లండ్ పర్వతారోహకుడు విలియం నైస్మిత్ 1892లో కొండనడకకు ఒక సూత్రం చెప్పాడు. దూరానికి గంటకు మూడు మైళ్ల చొప్పున సమయం కట్టి, ఎక్కే ప్రతి రెండు వేల అడుగులకూ ఒక గంట కలపాలి. నాలుగు కిలోమీటర్ల దారిలో వెయ్యి అడుగులు ఎక్కాల్సి వస్తే 50 నిమిషాలకు మరో అరగంట చేరుతుంది. రాళ్లకూ, ఎండకూ, వయసుకూ పట్టే సమయం మళ్లీ వేరు. విమానానికి గాలి ఎలాగో నడిచేవాడికి ఎత్తు అలాగ.

రోడ్డు మీద మరో అడ్డు ఉంది. దోర్నాల–శ్రీశైలం దారి పులుల అభయారణ్యం గుండా పోతుంది. వన్యప్రాణుల రక్షణ కోసం రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు వాహనాలను వదలరు. రాత్రి 9.15కు దోర్నాల చేరినవాడికి శ్రీశైలం పొద్దున దాకా దూరమే. ఆ నిబంధన అవసరమైనదే. దాన్ని లెక్కలో పెట్టుకోకుండా బయల్దేరితే మాత్రం సూటి దూరం 105 కిలోమీటర్లని తెలిసినా లాభం లేదు.

గడప నుంచి గడపకు

అహోబిలం నుంచి బ్యాంకాక్‌కు సూటి దూరం సుమారు 2,375 కిలోమీటర్లు. ఆళ్లగడ్డ ప్రాంతం నుంచి ఒక కుటుంబం బయల్దేరిందనుకుందాం. శంషాబాద్‌కు రోడ్డు మీద ఏడు గంటలు, విదేశీ విమానం కాబట్టి మూడు గంటల ముందు చేరడం, విమానంలో మూడు గంటల పైన, దిగాక తనిఖీకి గంట. మొత్తం పద్నాలుగు గంటలు. సూటి దూరాన్ని దీంతో భాగిస్తే గంటకు 170 కిలోమీటర్లు. గాల్లో 850తో పోయిన ప్రయాణానికి గడప నుంచి గడపకు మిగిలిన వేగం అంతే. ఆకాశంలో గడిపింది పద్నాలుగింట మూడు గంటలు.

రాయలసీమలో ఇప్పుడు దగ్గర్లోనే విమానాశ్రయాలున్నాయి. కడపది 2015లో మళ్లీ తెరుచుకుంది. ఓర్వకల్లులోని కర్నూలు విమానాశ్రయం 2021 మార్చి 25న ప్రారంభమైంది. కోయిలకుంట్ల గడ్డ మీద 1847లో ఉరికంబమెక్కిన ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పేరు దానికి పెట్టారు. ఓర్వకల్లు నుంచి విశాఖపట్నానికి సూటి దూరం సుమారు 580 కిలోమీటర్లు. గంటకు 500 కిలోమీటర్లతో పోయే ఏటీఆర్ విమానానికి గంటా 10 నిమిషాల దూరం. దీని వేగం పదింట ఒక వంతు పెంచగలిగినా మిగిలేది ఆరు నిమిషాలు. నంద్యాల, ఆళ్లగడ్డల నుంచి విమాన వేళకు సరిపోయేలా ఒక బస్సు నడిపితే ప్రయాణికుడికి గంట కలిసొస్తుంది. అంతటి లాభం ఏ ఇంజనూ ఇవ్వలేదు.

అందువల్ల ఊరికి విమానాశ్రయం ఉందా, అది ఎన్ని కిలోమీటర్ల దూరం అన్న లెక్కతో సరిపెట్టుకోకూడదు. ఇంటి గడప దాటినప్పటి నుంచి చేరాల్సిన గడప తొక్కేదాకా ఎన్ని గంటలు? సూటి దూరాన్ని ఆ గంటలతో భాగించి వచ్చిన వేగాన్ని ప్రతి మండల కేంద్రానికీ కట్టి చూస్తే, ప్రజల సమయం ఎక్కడ కరిగిపోతోందో తేటతెల్లమవుతుంది. చాలాచోట్ల అది ఆకాశంలో కాదు, మొదటి వంద కిలోమీటర్ల నేల మీదే. డబ్బు పెట్టాల్సింది, శ్రద్ధ పెట్టాల్సింది అక్కడ. రెండు ఊళ్ల మధ్య దూరాన్ని మనం తగ్గించలేం. ఆ దూరానికి పట్టే సమయాన్ని తగ్గించడం మాత్రం మన చేతుల్లోనే ఉంది.